భాగం - 7 : కాళ్ల కండరాల బిగుతు, నడక - మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలకు చికిత్స

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 మస్తిష్క పక్షవాతం అంటే ఏమిటి?
7.3 కండరం ఎందుకు బిగుసుకుంటుంది?
7.4 బిగుతు, నడక తీరు
7.5 చికిత్సకు ముందు అంచనా
7.6 చికిత్సా పద్ధతులు
7.7 రెండు ఉదాహరణలు
7.8 కుటుంబం, క్షేత్ర కార్యకర్త
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
- మస్తిష్క పక్షవాతంలో కాళ్ల కండరాలు బిగుసుకోవడానికి కారణాన్ని వివరించగలుగుతారు.
- కండరాల బిగుతుకూ, కండరం కురచబారడానికీ తేడా చెప్పగలుగుతారు.
- బిగుతును తగ్గించే చికిత్సలు, వాటి పరిమితులను చర్చించగలుగుతారు.
- ఒక బిడ్డకు ఏ చికిత్స ఎందుకు సూచించారో కుటుంబానికి తేలిక మాటల్లో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

మస్తిష్క పక్షవాతం ఉన్న బిడ్డను వైద్యుని దగ్గరికి తీసుకొచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "మా బాబు నడుస్తాడా?" అని. ఆ వెంటనే రెండోది: "కాళ్ల బిగుతు తగ్గిస్తే నడుస్తాడు కదా?" మొదటి ప్రశ్నకు జవాబు బిడ్డ పరిస్థితిని బట్టి ఉంటుంది. రెండో ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది. నడకకు అడ్డుపడుతున్నది బిగుతేననీ, దాన్ని తీసేస్తే నడక దానంతట అదే వస్తుందనీ ఆ నమ్మకం. అందులో ఉన్నది సగం నిజమే.

ఈ సగం నిజం వల్ల కుటుంబాలు చాలా నష్టపోతున్నాయి. ఒక ఇంజెక్షన్‌తోనో, ఒక ఆపరేషన్‌తోనో బిడ్డ లేచి నడుస్తాడని నమ్మి అప్పులు చేసేవారున్నారు. చికిత్స తర్వాత చేయించవలసిన వ్యాయామం మాట ఎవరూ చెప్పక, దొరికిన ఫలితాన్ని కొద్ది నెలల్లోనే పోగొట్టుకునేవారున్నారు. "ఇది మెదడు జబ్బు, ఏం చేసినా ఇంతే" అని ఎవరో చెబితే విని, చికిత్సకు అనువైన తొలి ఐదారేళ్లను వదులుకునేవారూ ఉన్నారు. బిగుతు అంటే ఏమిటి, దాన్ని ఎప్పుడు తగ్గించాలి, ఎంత తగ్గించాలి, తగ్గించాక ఏం చేయాలి అనే నాలుగు ప్రశ్నల చుట్టూ ఈ భాగం సాగుతుంది.

7.2 మస్తిష్క పక్షవాతం అంటే ఏమిటి?

మస్తిష్క పక్షవాతం ఒకే జబ్బు పేరు కాదు. ఎదుగుతున్న మెదడుకు గర్భంలోనో, కాన్పు సమయంలోనో, పుట్టిన తర్వాత తొలి దశలోనో కలిగిన దెబ్బ వల్ల కదలికలో, శరీర భంగిమలో శాశ్వతంగా ఏర్పడే లోపాలన్నిటినీ కలిపి ఈ పేరుతో పిలుస్తారు. ప్రతి వెయ్యి సజీవ జననాల్లో సుమారు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఇది కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ప్రాణవాయువు అందకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు వంటివి ముఖ్య కారణాలు. చాలామంది పిల్లల్లో ఫలానా కారణమని తేల్చి చెప్పడం సాధ్యం కాదు.

ఈ స్థితిని 1840లలో శాస్త్రీయంగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్. అందుకే చాలా కాలం దీన్ని 'లిటిల్ వ్యాధి' అన్నారు. లిటిల్‌కు స్వయంగా చిన్నప్పటి నుంచి పాదం వంకర ఉండేది. 1836లో జర్మనీ వెళ్లి, స్ట్రోమేయర్ అనే శస్త్రవైద్యుని చేత మడమ వెనక స్నాయువును కోయించుకుని పాదాన్ని సరిచేయించుకున్నాడు. ఆ పద్ధతినే ఇంగ్లండుకు తెచ్చాడు.

విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, మెదడులోని దెబ్బ కాలంతో పాటు పెరగదు. రెండోది, ఆ దెబ్బ కండరాల మీద, ఎముకల మీద చూపే ప్రభావం మాత్రం బిడ్డ ఎదుగుతున్న కొద్దీ మారుతూ ఉంటుంది. మూడేళ్లప్పుడు మునివేళ్ల మీద నడిచిన బిడ్డ పన్నెండేళ్లకు మోకాళ్లు వంచి నడుస్తుంటే, మెదడు జబ్బు ముదిరిందని అర్థం కాదు. పెరిగిన బరువు, ఎముకల పొడవుకు కండరాలు సరితూగకపోవడం అందుకు కారణాలు.

మన గ్రామాల్లో పెద్దవాళ్లు కాలు సరిగా పనిచేయని ఏ బిడ్డనైనా చూసి "పోలియో" అనేస్తారు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని 2014 మార్చి 27న పోలియోరహితంగా ప్రకటించారు. ఆ మాట మాత్రం వాడుకలో మిగిలిపోయింది. పోలియో వెన్నుపాములోని చాలక నాడీకణాలను నాశనం చేస్తుంది కాబట్టి కాలు వదులుగా, సన్నగా, వేలాడుతూ ఉంటుంది. మస్తిష్క పక్షవాతంలో ఎక్కువమంది పిల్లల కాలు బిగుసుకుని ఉంటుంది. రెండింటి చికిత్స వేరు కాబట్టి ఈ తేడా తెలియడం అవసరం.

మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లల్లో సుమారు 80 శాతం మందిలో బిగుతు ప్రధాన లక్షణం. ఒక పక్క చేయి, కాలు బిగుసుకుంటే హెమిప్లీజియా అంటారు. చేతుల కంటే కాళ్లలో బిగుతు ఎక్కువగా ఉంటే డైప్లీజియా, నాలుగు అవయవాలూ బిగుసుకుంటే క్వాడ్రిప్లీజియా అంటారు. నెలలు నిండని శిశువుల్లో డైప్లీజియా ఎక్కువ. మెదడు నడుమ ద్రవం నిండిన గదుల పక్కనున్న తెల్ల పదార్థం ఆ వయసులో సులభంగా దెబ్బతింటుంది. కాళ్లకు ఆజ్ఞలు తీసుకెళ్లే నాడీతంతువులు ఆ గదులకు బాగా దగ్గరగా వెళ్తాయి.

7.3 కండరం ఎందుకు బిగుసుకుంటుంది?

మోకాలి చిప్ప కింద వైద్యుడు చిన్న సుత్తితో తడితే కాలు ముందుకు ఎగరడం మీరు చూసే ఉంటారు. కండరం హఠాత్తుగా సాగితే, దానిలోని గ్రాహకాలు ఆ సంగతిని జ్ఞాననాడుల ద్వారా వెన్నుపాముకు చేరవేస్తాయి. అక్కడి చాలక నాడీకణాలు వెంటనే "ముడుచుకో" అని అదే కండరానికి ఆజ్ఞ ఇస్తాయి. ఇది అసంకల్పిత ప్రతీకార చర్య. దీనికి మెదడు అనుమతి అక్కర్లేదు.

అయితే ఈ చర్య మితిమీరకుండా మెదడు పైనుంచి నిరంతరం అదుపు చేస్తూ ఉంటుంది. ఎద్దును పగ్గంతో పట్టుకున్న రైతులాంటిది ఈ అదుపు. మెదడు దెబ్బతిన్నప్పుడు పగ్గం సడలుతుంది. అప్పుడు చిన్న సాగుదలకు కూడా కండరం గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా బిగుసుకుంటుంది. ఈ వేగ సంబంధమే బిగుతుకు అసలు గుర్తు అని 1980లో జేమ్స్ లాన్స్ అనే నాడీవైద్యుడు ఇచ్చిన నిర్వచనం నేటికీ ప్రామాణికంగా ఉంది.

దీని నుంచి ఆచరణలో ఉపయోగపడే ఒక సూత్రం వస్తుంది. బిడ్డ పాదాన్ని చేత్తో పట్టుకుని వేగంగా పైకి వంచితే మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. అదే పాదాన్ని నెమ్మదిగా, ఓపికగా వంచితే పూర్తిగా వస్తుంది. ఇది బిగుతు. నెమ్మదిగా వంచినా అదే చోట ఆగిపోతే కండరం కురచబారిందని అర్థం. మొదటిది నాడుల సమస్య. రెండోది కండరపు నిర్మాణంలోనే వచ్చిన మార్పు. చాలామంది పిల్లల్లో రెండూ కొంత కొంత కలిసి ఉంటాయి. బిగుతును తగ్గించే మందు కురచబారిన కండరాన్ని పొడుగు చేయలేదు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల వృథా అయిన ఇంజెక్షన్లు ఎన్నో.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
అ) పోలియో కాలికీ, మస్తిష్క పక్షవాతంలోని కాలికీ తేడా ఏమిటి?
ఆ) ఒక బిడ్డ మడమను నెమ్మదిగా కదిపినా పూర్తిగా వంగడం లేదు. దీన్నిబట్టి మీరు ఏమి గ్రహిస్తారు?

7.4 బిగుతు, నడక తీరు

కాలిలో బిగుతు ఎక్కువగా కనిపించే కండరాలు నాలుగు. పిక్క కండరాలు బిగిస్తే మడమ నేలకు తగలక బిడ్డ మునివేళ్ల మీద నడుస్తుంది. తొడ వెనక కండరాలు బిగిస్తే మోకాలు పూర్తిగా చాచుకోదు. తొడలను దగ్గరికి లాగే కండరాలు బిగిస్తే కాళ్లు కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడతాయి. తుంటిని వంచే కండరాలు బిగిస్తే నడుము ముందుకు వంగుతుంది. ఇలా నడవడానికి తోటి పిల్లల కంటే రెండు మూడు రెట్లు శక్తి ఖర్చు కావచ్చు. బడికి నడిచి వెళ్లేసరికే అలసిపోయే బిడ్డకు పాఠం మీద ధ్యాస నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బిగుతు పైకి కనిపించే సమస్య. దాని వెనక కనిపించని సమస్యలు మూడున్నాయి. ఒకటి కండరాల బలహీనత. బిగుసుకున్న కండరం బలమైనదని మనం పొరబడతాం, నిజానికి అది బలహీనమైనది. రెండోది, ఒక కండరాన్ని మిగతావాటి నుంచి విడిగా కదిలించలేకపోవడం. మోకాలు చాచమంటే తుంటి, పాదం కూడా దానితో పాటు కదులుతాయి. మూడోది, సమతౌల్యం లోపించడం. ఇవి కూడా మెదడు దెబ్బ వల్ల వచ్చినవే. బిగుతును తగ్గించే ఏ మందూ, ఏ శస్త్రచికిత్సా వీటిని నేరుగా సరిచేయదు.

పైగా కొందరు పిల్లలు ఆ బిగుతు ఆధారంగానే నిలబడుతుంటారు. కాళ్లలో తగినంత బలం లేని బిడ్డకు బిగుసుకున్న కండరాలే కర్రల్లా పనిచేస్తాయి. అలాంటి బిడ్డకు బిగుతును పూర్తిగా తీసేస్తే కాళ్లు కూలబడతాయి, అప్పటిదాకా నిలబడిన బిడ్డ నిలబడలేకపోవచ్చు. అందుకే "బిగుతు ఎంత ఉంది?" అని అడగడంతో సరిపోదు. "ఈ బిగుతు ఈ బిడ్డకు ఏ పనిలో అడ్డొస్తోంది, ఏ పనిలో ఆసరా ఇస్తోంది?" అని కూడా అడగాలి.

7.5 చికిత్సకు ముందు అంచనా

బిడ్డ ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి కెనడా పరిశోధకులు 1997లో ప్రచురించిన స్థూల చలన వర్గీకరణ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అందులో ఐదు స్థాయిలున్నాయి.

మొదటి స్థాయి: ఆటంకం లేకుండా నడుస్తారు, పరుగెత్తుతారు. వేగం, సమతౌల్యం కొంత తక్కువ.
రెండో స్థాయి: నడుస్తారు గాని మెట్లెక్కడానికి గోడో, పిట్టగోడో పట్టుకోవాలి. ఎగుడుదిగుడు నేల మీద, జనం గుమిగూడిన చోట ఇబ్బంది పడతారు.
మూడో స్థాయి: చేతికర్రలు లేదా వాకర్ సాయంతో నడుస్తారు.
నాలుగో స్థాయి: స్వయంగా కదలడం బాగా పరిమితం. ఎక్కువగా చక్రాల కుర్చీ వాడతారు.
ఐదో స్థాయి: తలను, మెడను నిలపడం కూడా కష్టం. అన్నిటికీ మరొకరి సాయం కావాలి.

ఇదే బృందం 2002లో ఒంటారియో రాష్ట్రంలోని 657 మంది పిల్లల ఎదుగుదలను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలు తాము చేరగల చలన సామర్థ్యంలో 90 శాతాన్ని ఐదేళ్ల లోపే చేరుకుంటారు. తొలి సంవత్సరాల విలువ ఏమిటో ఈ ఒక్క అంకె చెబుతుంది. స్థాయి సాధారణంగా పెద్దగా మారదని కూడా తల్లిదండ్రులకు సున్నితంగానైనా చెప్పాలి. నాలుగో స్థాయి బిడ్డకు ఏ చికిత్స చేసినా మొదటి స్థాయికి చేరుతుందని ఆశ పెట్టడం న్యాయం కాదు. ఆ బిడ్డకు కూర్చోవడం, నొప్పి లేకుండా నిద్రపోవడం, స్నానం చేయించడం సులువు కావడం వంటివి మంచి లక్ష్యాలు.

బిగుతును కొలవడానికి సవరించిన యాష్‌వర్త్ కొలబద్దను వాడతారు. ఇందులో సున్నా అంటే బిగుతు లేదని, నాలుగు అంటే కీలు కదలనే కదలదని అర్థం. నెమ్మదిగా, వేగంగా కదిపి రెండింటి తేడా చూసే టార్డియూ పద్ధతి చికిత్సను ఎంచుకోవడానికి మరింత ఉపయోగపడుతుంది. నడకను ముందు నుంచి, పక్క నుంచి వీడియో తీసి నెమ్మదిగా చూడటం ఖర్చు లేని మంచి పద్ధతి. మామూలు సెల్‌ఫోను చాలు.

తుంటి ఎక్స్‌రే మరచిపోకూడదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనంలో, మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లల్లో 35 శాతం మందికి తుంటి కీలు స్థానం తప్పడం కనిపించింది. మొదటి స్థాయిలో అలాంటి పిల్లలు ఎవరూ లేరు. ఐదో స్థాయిలో 90 శాతం మంది ఉన్నారు. తొలిదశలో దీనికి నొప్పి ఉండదు కాబట్టి నిర్ణీత కాలానికి ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు.

7.6 చికిత్సా పద్ధతులు

7.6.1 వ్యాయామం, పట్టీలు

అన్ని చికిత్సలకూ ఆధారం ఫిజియోథెరపీ. కండరాలను బలపరిచే వ్యాయామం చేయిస్తే బిగుతు పెరుగుతుందని ఒకప్పుడు భయపడేవారు. 1990ల నుంచి వచ్చిన పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చూపాయి. బిడ్డ తాను మంచం మీద పడుకుని ఉండగా మరొకరు కాళ్లు సాగదీయడం వల్ల మాత్రమే నిలిచే ఫలితం తక్కువ. బిడ్డ స్వయంగా చేసే పనే నేర్పుతుంది. చిన్న పీట మీద నుంచి లేచి నిలబడటం, గడప దాటడం, మెట్టు ఎక్కి దిగడం, గోడ పట్టుకుని పక్కకు నడవడం వంటి పనులను రోజూ పలుమార్లు చేయించాలి. నూనె మర్దన బిడ్డకు హాయినిస్తుంది, తల్లికీ బిడ్డకూ దగ్గరతనం పెంచుతుంది. అది వ్యాయామానికి బదులు కాదు.

మడమను నిలిపి ఉంచే ప్లాస్టిక్ పట్టీని ఏఎఫ్ఓ అంటారు. ఇది పాదాన్ని సరైన కోణంలో ఉంచి, మునివేళ్ల నడకను అదుపు చేస్తుంది. బిడ్డ పెరుగుతుంటే పట్టీ ఇరుకవుతుంది. చర్మం మీద ఎర్రని మచ్చ అరగంట తర్వాత కూడా పోకపోతే పట్టీని సరిచేయించాలి. పిక్క కండరం కొద్దిగా కురచబారినప్పుడు కొన్ని వారాల పాటు వరుసగా సిమెంటు కట్లు మారుస్తూ పాదాన్ని క్రమంగా పైకి తెస్తారు.

7.6.2 నోటి మందులు

బాక్లోఫెన్, డయాజిపామ్, టిజానిడిన్ వంటి మందులు శరీరమంతటా పనిచేస్తాయి. ఒక్క పిక్కనే వదులు చేయాలంటే ఇవి తగవు. ఒళ్లంతా బిగుసుకున్న పిల్లలకు, రాత్రి కండరాలు పట్టేసి నిద్ర లేనివారికి ఉపయోగపడతాయి. మత్తు, చొంగ కారడం, నీరసం వీటి దుష్ఫలితాలు. బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపితే మూర్ఛలు, తీవ్రమైన బిగుతు రావచ్చు. మందు అయిపోయిందని, ఊరికి వెళ్లామని మానేయకూడదని కుటుంబానికి గట్టిగా చెప్పాలి.

7.6.3 బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు

బొటులినమ్ అనే సూక్ష్మజీవి తయారుచేసే విషాన్ని అతి తక్కువ మోతాదులో, ఎంచుకున్న కండరంలోకి ఎక్కిస్తారు. నాడి చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా అది అడ్డుకుంటుంది. దాంతో ఆజ్ఞ కండరానికి చేరదు. కొద్ది రోజుల్లో కండరం వదులవడం మొదలై, ఫలితం సుమారు మూడు నుంచి ఆరు నెలలు ఉంటుంది. నాడి చివరలు మళ్లీ పని మొదలుపెట్టగానే బిగుతు తిరిగి వస్తుంది.

కాబట్టి ఈ ఇంజెక్షన్ ఒక గడువు లాంటిది. ఆ మూడు నెలల్లో బిడ్డకు మడమ ఆనించి నడవడం నేర్పాలి, పట్టీ అలవాటు చేయాలి, వ్యతిరేక కండరాలను బలపరచాలి. ఇంజెక్షన్ ఇచ్చి వ్యాయామం చేయించకపోతే, నీళ్లు పెట్టి నాట్లు వేయని పొలం లాంటిదే. మోతాదును బిడ్డ బరువును బట్టి లెక్కగడతారు. ఒక కంపెనీ మందులోని యూనిట్లు మరో కంపెనీ యూనిట్లకు సమానం కావు. పదే పదే ఇస్తే కండరం సన్నబడే అవకాశం ఉందని ఇటీవలి పరిశోధనలు హెచ్చరిస్తున్నందున, ప్రతిసారీ లక్ష్యం ఏమిటో రాసుకుని ఇవ్వడం మంచిది.

7.6.4 వెన్నునాడుల వేర్ల శస్త్రచికిత్స, బాక్లోఫెన్ పంపు

కాళ్ల కండరాల నుంచి వెన్నుపాముకు వచ్చే జ్ఞాననాడుల వేర్లలో కొన్నిటిని ఎంచి కోసివేస్తే, మితిమీరిన ప్రతీకార చర్య తగ్గుతుంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో జర్మనీలో ఫోర్‌స్టర్ దీన్ని ప్రారంభించాడు. 1970లలో ఇటలీలో ఫసానో, ఆ తర్వాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ దీన్ని మెరుగుపరిచారు. నెలలు నిండకుండా పుట్టి, డైప్లీజియా ఉండి, కాళ్లలో బలం బాగానే ఉన్న సుమారు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు దీనికి తగినవారు. కోసిన వేరు మళ్లీ అతకదు. అందుకే ఎంపికలో తొందర పనికిరాదు.

ఈ శస్త్రచికిత్స ఫలితం మన అంశానికి కీలకం. మూడు పరీక్షల్లో పాల్గొన్న 90 మంది పిల్లల ఫలితాలను కలిపి 2002లో విశ్లేషించారు. వ్యాయామం మాత్రమే చేసినవారితో పోలిస్తే, శస్త్రచికిత్సతో పాటు వ్యాయామం చేసినవారిలో బిగుతు స్పష్టంగా తగ్గింది. స్థూల చలన సామర్థ్యాన్ని నూటికి ఇన్ని అని లెక్కించే పరీక్షలో మాత్రం వారికి అదనంగా వచ్చినది సుమారు నాలుగు. అంటే మేలు ఉంది, కానీ బిగుతు తగ్గినంతగా నడక మెరుగుపడలేదు. బిగుతు వేరు, నడక వేరు అనే మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

బాక్లోఫెన్‌ను చిన్న పంపు ద్వారా నేరుగా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి పంపే పద్ధతి తీవ్రమైన బిగుతు ఉన్నవారికి, ఎక్కువగా నాలుగు, ఐదు స్థాయిల పిల్లలకు ఉద్దేశించినది. పంపును క్రమం తప్పకుండా నింపించుకోవాలి. ఖర్చు చాలా ఎక్కువ.

7.6.5 కండరాల, ఎముకల శస్త్రచికిత్స

కండరం కురచబారినప్పుడు, ఎముక మెలితిరిగినప్పుడు మందులు పనిచేయవు. స్నాయువును పొడిగించడం, ఎముకను సరైన దిశకు తిప్పి అమర్చడం అవసరమవుతాయి. పూర్వం ఈ ఏడాది మడమకు, వచ్చే ఏడాది మోకాలికి, ఆపై తుంటికి ఆపరేషన్ చేసేవారు. ప్రతి పుట్టినరోజుకూ బిడ్డ సిమెంటు కట్టుతోనే ఉండే ఈ పరిస్థితికి కెనడా శస్త్రవైద్యుడు మెర్సర్ రాంగ్ 'పుట్టినరోజు సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. ఇప్పుడు నడకను సమగ్రంగా పరిశీలించి, అవసరమైనవన్నీ ఒకే దఫాలో చేయడం మేలని భావిస్తున్నారు. తర్వాత కోలుకోవడానికి ఏడాదికి పైగా వ్యాయామం కావాలి.

డైప్లీజియా ఉన్న బిడ్డకు తొందరపడి మడమ స్నాయువును అతిగా పొడిగిస్తే పిక్క బలం పోతుంది. అప్పుడు మోకాళ్లు, తుంటి వంగిపోయి గొంతుకు కూర్చున్నట్లు నడిచే తీరు వస్తుంది. మునివేళ్ల నడక కంటే దీన్ని సరిచేయడం చాలా కష్టం.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 2
అ) బొటులినమ్ ఇంజెక్షన్‌ను 'గడువు' అనడంలోని అర్థం ఏమిటి?
ఆ) 2002 నాటి విశ్లేషణ నుంచి మీరు గ్రహించినదేమిటి?

7.7 రెండు ఉదాహరణలు

ఈ రెండూ అవగాహన కోసం ఊహించినవి.

మొదటి బిడ్డ నాలుగేళ్ల పాప. ఏడో నెలలో పుట్టింది. మునివేళ్ల మీద నడుస్తుంది, తరచుగా పడుతుంది. పాదాన్ని వేగంగా కదిపితే ఆగుతుంది, నెమ్మదిగా కదిపితే పూర్తిగా వంగుతుంది. కాళ్లలో బలం ఫరవాలేదు. ఈమె సమస్యలో బిగుతు పాలు ఎక్కువ. పిక్కలకు బొటులినమ్, ఆపై పట్టీలు, రోజువారీ వ్యాయామం సరైన మార్గం. "ఆరు నెలల్లో అంగన్‌వాడీ దాకా చేయి పట్టుకోకుండా నడవాలి" అన్నది స్పష్టమైన లక్ష్యం.

రెండో బిడ్డ పదకొండేళ్ల బాబు. మోకాళ్లు వంచి, వాకర్‌తో నడుస్తాడు. నెమ్మదిగా సాగదీసినా మోకాళ్లు పూర్తిగా చాచుకోవు. గత రెండేళ్లలో బరువు పెరిగాడు, నడక తగ్గింది. ఇతనికి అవే ఇంజెక్షన్లు ఇస్తే డబ్బు పోవడం తప్ప ప్రయోజనం తక్కువ. ఎముకల శస్త్రవైద్యుని సలహా, తొడ ముందు కండరాలను బలపరిచే వ్యాయామం, నేల తాకిడి బలంతో మోకాలిని వెనక్కి నెట్టే ప్రత్యేక పట్టీ గురించి ఆలోచించాలి. దూరాలకు చక్రాల కుర్చీ వాడటం ఓటమి కాదని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. బడికి అలసిపోకుండా చేరడం కూడా చికిత్సలో భాగమే.

ఇద్దరికీ జబ్బు పేరు ఒకటే. పక్కింటి బిడ్డకు పనిచేసిన చికిత్స మన బిడ్డకూ పనిచేయాలని లేదు.

7.8 కుటుంబం, క్షేత్ర కార్యకర్త

ఫిజియోథెరపిస్టు వారానికి ఒక గంట చూస్తే, మిగతా గంటలన్నీ బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. తల్లికి పదిహేను వ్యాయామాల కాగితం ఇస్తే ఏదీ జరగదు. స్నానం, భోజనం, ఆట వంటి పనుల్లో కలిసిపోయే రెండు మూడు పనులు చెబితే జరుగుతాయి. నేల మీద మోకాళ్లు లోపలికి, పాదాలు బయటికి పెట్టి కూర్చునే అలవాటున్న బిడ్డకు చిన్న పీట, బల్ల ఏర్పాటు చేయడం అలాంటి పనే. ఈ భారాన్ని తల్లి ఒక్కతే మోయకుండా తండ్రికి, తాత నాయనమ్మలకు కూడా నేర్పాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మస్తిష్క పక్షవాతాన్ని గుర్తించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటే ఆ చట్టం కింద అదనపు సౌకర్యాలకు అర్హత వస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పరిధిలోని నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక. మూలకణాల ఇంజెక్షన్‌తో ఈ స్థితి పూర్తిగా నయమవుతుందన్న ప్రకటనలు కుటుంబాలను ఆకర్షిస్తుంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప, అనుమతించిన పరిశోధనకు బయట మూలకణ చికిత్స చేయడం తగదు. పరిశోధనలో పాల్గొనే రోగి నుంచి దానికి డబ్బు వసూలు చేయకూడదు. ఎవరైనా లక్షలు అడిగితే, ఇల్లు తాకట్టు పెట్టకముందే ఈ మాట ఆ కుటుంబానికి చేరవేయడం మీ బాధ్యత.

7.9 సారాంశం

మస్తిష్క పక్షవాతంలో మెదడు అదుపు తప్పడం వల్ల సాగుదలకు కండరం అతిగా స్పందించి బిగుసుకుంటుంది. బిగుతుతో పాటు బలహీనత, విడి కదలిక లేకపోవడం, సమతౌల్య లోపం నడకను దెబ్బతీస్తాయి. బిగుతును తగ్గించడం నడక నేర్పడానికి వీలు కల్పిస్తుంది, నేర్పే పని వ్యాయామానిది, రోజువారీ సాధనది. చికిత్సకు ముందు బిడ్డ స్థాయి, బిగుతుకూ కురచకూ ఉన్న తేడా, తుంటి స్థితి, కుటుంబం కోరే లక్ష్యం తెలుసుకోవాలి. "మా బాబు నడుస్తాడా?" అన్న ప్రశ్నకు "ఎక్కడికి, ఎంత దూరం, ఎవరి సాయంతో?" అని కలిసి కూర్చుని ఆలోచించడంతో సరైన చికిత్స మొదలవుతుంది.

7.10 కీలక పదాలు

బిగుతు: వేగంగా సాగదీసిన కొద్దీ కండరం ఎక్కువగా ఎదిరించే స్థితి.
కురచబారడం: నెమ్మదిగా సాగదీసినా కండరం పూర్తి పొడవుకు రాకపోవడం.
డైప్లీజియా: చేతుల కంటే కాళ్లలో బిగుతు ఎక్కువగా ఉండే రకం.
ఏఎఫ్ఓ: చీలమండను, పాదాన్ని సరైన కోణంలో నిలిపే పట్టీ.
స్నాయువు: కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడులాంటి కణజాలం.

7.11 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. కాళ్ల బిగుతు తగ్గితే నడక దానంతట అదే మెరుగుపడుతుందా? ఆధారాలతో చర్చించండి.
2. బిగుతును తగ్గించే వివిధ చికిత్సలను పోల్చి, ఏది ఎవరికి తగినదో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. స్థూల చలన వర్గీకరణలోని ఐదు స్థాయిలను తెలపండి.
2. 'పుట్టినరోజు సిండ్రోమ్' అంటే ఏమిటి? దాన్ని నివారించే మార్గం ఏది?
3. మీ మండలంలో మస్తిష్క పక్షవాతం ఉన్న ఒక బిడ్డ కుటుంబానికి మీరు ఇచ్చే మూడు సలహాలు రాయండి.